సీటు పక్కన రెండు లివర్లు: వరంగల్ నేలల్లో మాస్సీ 241 డీఐ

మాస్సీ ఫెర్గూసన్ 241 డీఐ కొనడానికి షోరూంకు వెళ్లినవాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. హెచ్‌పీ ఎంత, డీజిల్ ఎంత తాగుతుంది, రోటవేటర్ ఎన్ని అడుగులది లాగుతుంది? వీటికి జవాబులు సులువే. 42 హెచ్‌పీ, మూడు సిలిండర్ల 2500 సీసీ సింప్సన్ ఇంజన్. పరకాల వైపు నల్లరేగడిలో 5 అడుగుల రోటవేటర్, మహబూబాబాద్ వైపు తేలిక చెల్కల్లో 6 అడుగులది. డీజిల్ సంగతి మాత్రం నాలుగో ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. సీటుకు కుడిపక్క లిఫ్ట్ కోసం రెండు లివర్లు ఉన్నాయి. మన డ్రైవర్లలో చాలామంది ఒక్కదాన్నే ఎందుకు వాడుతున్నారు?

వాళ్లు వాడేది పొజిషన్ లివర్. రెండో లివర్ పేరు డ్రాఫ్ట్. ఈ బండి మీద ఫెర్గూసన్ అనే పేరు ఉండటానికి అసలు కారణం అదే. ఇంజన్, గేర్‌బాక్స్, టైర్లు ఏ కంపెనీ అయినా ఇస్తుంది. నాగలికి నేల ఎంత గట్టిగా తగులుతుందో తానే తెలుసుకుని, అంతకు తగ్గట్టు నాగలిని అంగుళమో అర అంగుళమో ఎత్తి దించే లిఫ్ట్ హ్యారీ ఫెర్గూసన్ అనే ఒక మనిషి జీవితకాలపు పని. నేడు అన్ని కంపెనీల ట్రాక్టర్ల వెనకా పనిముట్టును పట్టి ఉంచే మూడు లింకుల అమరికకు మూలం ఆయన రూపకల్పనే. బండి గురించి రాస్తూ ఆయన్ని వదిలేస్తే ఆ లివర్ ఎందుకుందో అర్థం కాదు.

హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఉత్తర ఐర్లాండ్‌లోని డ్రోమోర్ దగ్గరి గ్రోవెల్‌లో రైతు ఇంట్లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో ఒకడు. వ్యవసాయం మీద మనసు లేక 1902లో బెల్‌ఫాస్ట్‌లో అన్న నడిపే గ్యారేజీలో చేరాడు. 1909 డిసెంబర్ 31న తాను కట్టిన విమానాన్ని తానే నడిపి, ఐర్లాండ్‌లో విమానం ఎగరేసిన మొదటివాడయ్యాడు. 1911లో సొంతంగా కార్ల వ్యాపారం పెట్టాడు. నేల మీద ఇష్టం లేదని వెళ్లిపోయినవాణ్ని మళ్లీ నేల దగ్గరికి తెచ్చింది మొదటి ప్రపంచయుద్ధం. ఆహార కొరత రోజుల్లో, 1917లో, ఐర్లాండ్‌లోని ట్రాక్టర్లు సరిగ్గా పనిచేసేలా చూడమని ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. సహాయకుడు విల్లీ శాండ్స్‌తో కలిసి ఊరూరా తిరిగి దున్నకం చూశాడు.

అప్పటి ట్రాక్టర్ చేసేది ఎద్దుల పనే. నాగలిని వెనక గొలుసుతోనో కొక్కెంతోనో కట్టి లాగడం. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే ముందుకు పోయే దారి ఉండదు. ఇంజన్ బలం వెనక ఇరుసు చుట్టూ తిరిగి ట్రాక్టర్ ముందుభాగాన్ని గాల్లోకి లేపేది. హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు ఇలా వెనక్కి తిరగబడి డ్రైవర్లు చనిపోయిన ప్రమాదాలు జరిగాయి. దీనికి అప్పటి విరుగుడు బండి బరువు పెంచడం. బరువు పెరిగితే నేల గట్టిపడుతుంది, డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. ఫెర్గూసన్ దారి వేరు. నాగలిని ట్రాక్టర్‌కు ఒక అవయవంలా బిగించేస్తే నాగలి మీద పడే భారమే ట్రాక్టర్‌ను నేలకు అదుముతుంది కదా అన్నది ఆయన ఆలోచన. హైడ్రాలిక్ డ్రాఫ్ట్ కంట్రోల్ పేటెంటు 1926 నాటిది. దాన్ని పూర్తిస్థాయిలో చూపించే సొంత ట్రాక్టర్ 1933లో తయారైంది. నల్ల రంగు వేశారు కాబట్టి దానికి బ్లాక్ ట్రాక్టర్ అనే పేరు నిలిచిపోయింది.

1938 అక్టోబర్‌లో ఆయన అమెరికా వెళ్లి, డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ ఇంటి దగ్గర తన ట్రాక్టర్‌తో దున్ని చూపించాడు. బల్ల మీద చిన్న బొమ్మ నమూనాతో లింకుల పని విడమరిచి చెప్పాడు. కాగితం లేదు, సంతకం లేదు, చేతిలో చేయి వేసుకున్నారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ ఫెర్గూసన్ పద్ధతితో బజారులోకి వచ్చింది. ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ 1943లో చనిపోయాడు. 1945లో కంపెనీ మనవడు రెండో హెన్రీ ఫోర్డ్ చేతికి వచ్చింది. తాత ఇచ్చిన మాటకు కాగితం లేదు కదా. మనవడు ఆ ఏర్పాటును 1947తో ముగించి, అదే లిఫ్ట్ పద్ధతితో 8ఎన్ అమ్మడం మొదలుపెట్టాడు. ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. 1952లో 92.5 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. అడిగినదానితో పోలిస్తే చిన్న మొత్తమే, కానీ ఆవిష్కరణ ఎవరిదన్న విషయం తేలింది.

కోర్టు గొడవ నడుస్తుండగానే ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ ఆయనకోసం టీఈ20 తయారు చేస్తోంది. 1946 నుంచి 1956 దాకా 5,17,651 బండ్లు బయటికి వచ్చాయి. ఆ బూడిద రంగు చిన్న ట్రాక్టర్‌తో ఒక స్పానర్ ఇచ్చేవారు. రోజువారీ సర్దుబాట్లు చాలావరకు దానితోనే అయిపోయేవి. చాళ్ల దూరం కొలవడానికి దాని మీదే అంగుళాల గుర్తులుండేవి. పొలంలో ఉన్న మనిషి చేతిలో ఏముంటుందో ఆలోచించి బండి చేసినవాడు ఆయన. 1953లో కంపెనీని కెనడాకు చెందిన మాస్సీ హారిస్‌లో కలిపేశాడు. లెక్కల్లో పది లక్షల డాలర్ల తేడా వస్తే నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ఫెర్గూసన్ ఓడిపోయాడు, ఓటమిని ఒప్పుకున్నాడు. 1960 అక్టోబర్‌లో చనిపోయాడు.

అదే 1960లో మద్రాసులో, మన దేశంలో మాస్సీ ట్రాక్టర్లు తయారు చేసే కంపెనీ టాఫే పుట్టింది. మన ఊళ్లలో తిరిగే మాస్సీ చరిత్రలో రెండో కుటుంబం ఇక్కడి నుంచి మొదలవుతుంది. అప్పటి తిరునెల్వేలి జిల్లా ఆళ్వార్‌కురిచ్చికి చెందిన ఎస్. అనంతరామకృష్ణన్ 1905లో పుట్టాడు. 1935లో సింప్సన్ కంపెనీలో చేరాడు. 1840లో గుర్రపు బగ్గీలు తయారు చేసే సంస్థగా మొదలైన ఆ కంపెనీని ఆయన డీజిల్ ఇంజన్ల దారి పట్టించాడు. దక్షిణాదిలో మోటారు విడిభాగాల పరిశ్రమకు పునాది వేసినవాళ్లలో ఆయనది ముందు వరుస. ఆయన అమాల్గమేషన్స్ గ్రూపు నుంచే టాఫే వచ్చింది. ఆయన 1964లో పోయాక కొడుకు ఎ. శివశైలం, ఆ తర్వాత శివశైలం కూతురు మల్లికా శ్రీనివాసన్ కంపెనీని నడిపించారు. ఆమె 1986లో టాఫేలో చేరింది, 2014లో పద్మశ్రీ అందుకుంది. మాస్సీ ఫెర్గూసన్ అంతర్జాతీయ యజమాని ఆగ్‌కోతో నడిచిన వివాదం 2025లో రాజీతో ముగిసి, భారత్, నేపాల్, భూటాన్‌లలో ఆ పేరు టాఫే సొంతమైంది. మూడు తరాలు ఒకే బండిని పట్టుకుని ఉండటం వల్ల కొనేవాడికి ఒక లాభం ఉంది. 1035, 241 మోడళ్ల మూల రూపకల్పన దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. విడిభాగం వరంగల్‌లోనే కాదు, జమ్మికుంట, జగిత్యాల దుకాణాల్లోనూ దొరుకుతుంది.

ఇంజన్ వంశం కూడా పాతదే. ఇంగ్లండ్ పెర్కిన్స్ కంపెనీ మూడు సిలిండర్ల 152 ఘనపు అంగుళాల ఇంజన్‌కు ఇది వారసుడు. 152 ఘనపు అంగుళాలంటే దాదాపు 2500 సీసీ. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త ఉద్గార నిబంధనలు వచ్చి, చాలావాటికి కంప్యూటర్ నియంత్రణతో నడిచే ఇంజక్షన్ ఎక్కింది. 42 హెచ్‌పీ బండికి ఆ 2023 నిబంధనలు వర్తించలేదు. పంపు, నాజిల్ పని తెలిసిన ఏ మెకానిక్ అయినా విప్పి బాగు చేయగలడు. ఏడాదికి 500 గంటల్లోపు తిప్పుకునే రైతుకు ఇది చిన్న విషయం కాదు.

ఇక లివర్ల దగ్గరికి. పొజిషన్ లివర్ చేసేది ఒక్కటే పని. లివర్ ఎక్కడ పెడితే లిఫ్ట్ చేతులు అక్కడే ఆగుతాయి. నేల ఎలా ఉన్నా వాటికి పట్టదు. డ్రాఫ్ట్ లివర్ ఎత్తును పట్టించుకోదు, లాగుడు భారాన్ని పట్టించుకుంటుంది. నాగలి గట్టి నేలలోకి దిగగానే కింది లింకులు వెనక్కి లాగబడతాయి, పైనున్న టాప్ లింక్ ముందుకు తోస్తుంది. ఆ తోపు సీటు వెనక ఉన్న లావుపాటి స్ప్రింగ్‌ను కొన్ని మిల్లీమీటర్లు నొక్కుతుంది. స్ప్రింగ్ కదలిక లోపలి కంట్రోల్ వాల్వుకు చేరి లిఫ్ట్ కొంచెం లేస్తుంది. నాగలి బరువు, దాన్ని కిందికి గుంజే మట్టి బరువు వెనక టైర్ల మీద పడతాయి, పట్టు పెరుగుతుంది. గట్టి చోటు దాటగానే స్ప్రింగ్ వదులై నాగలి మళ్లీ దిగుతుంది. ఇదంతా డ్రైవర్ చేయి పెట్టకుండానే జరుగుతుంది.

ఎండాకాలం దుక్కుల్లో పొజిషన్ మీదే నడిపితే ఏమవుతుంది? గట్టి చోట నాగలి లేవదు, టైరు జారుతుంది, ఇంజన్ గొంతు మారుతుంది, డ్రైవర్ చేత్తో లివర్ ఎత్తుతాడు. పది గజాలు పోయాక దించుతాడు. చాలుకు పదిసార్లు ఇదే పని. ఎత్తినప్పుడు లోతు పోతుంది, ఎత్తనప్పుడు డీజిల్ పోతుంది, టైరు గొబ్బలు అరుగుతాయి. టైరు జారుడు ఎంతో కొలవడం సులువే. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, నాగలి ఎత్తి పది చుట్లలో బండి ఎంత దూరం పోయిందో టేపుతో కొలవండి. నాగలి దించి మళ్లీ పది చుట్లు. మొదటి దూరంలోంచి రెండోది తీసేసి, మొదటిదానితో భాగించి, వందతో గుణిస్తే జారుడు శాతం వస్తుంది. మొదట 40 మీటర్లు, రెండోసారి 34 మీటర్లు అయితే 15 శాతం. గట్టి నేలలో 10 నుంచి 15 మంచిది. 20 దాటితే లివర్లో, బరువులో, టైర్ల గాలిలో ఏదో తప్పుంది.

రెక్క నాగలికి, తొమ్మిది కర్రుల కల్టివేటర్‌కు డ్రాఫ్ట్ పెట్టే పద్ధతి ఇది. ముందు చదును జాగాలో రెండు వెనక టైర్ల గాలి సమానం చేయాలి. పనిముట్టును నేల మీద ఆనించి, కుడి లింక్ మీది తిప్పుడు గేరుతో ఎడమ కుడి సమం చేయాలి. రెక్క నాగలికైతే ఈ సమం మొదటి చాలుకే సరిపోతుంది. రెండో చాలు నుంచి కుడి టైరు చాల్లోకి దిగుతుంది కాబట్టి మళ్లీ సర్దాలి. చాలామంది ఇక్కడే వదిలేసి, నాగలి ఒకవైపే లోతు పోతోందని నాగలిని తిడతారు. టాప్ లింక్ పొడవు పని లోతులో చట్రం నేలకు సమాంతరంగా ఉండేలా పెట్టాలి. టాప్ లింక్ కురచ చేస్తే నాగలి ముక్కు వంగి తొందరగా దిగుతుంది. ఎక్కువ కురచ చేస్తే మడమ లేచి, ముక్కు మీదే నడుస్తూ బండిని అనవసరంగా గుంజుతుంది.

పక్క గొలుసులు దుక్కిలో ఇటు రెండు అటు రెండు అంగుళాలు ఆడేలా వదులు ఉండాలి. రోటవేటర్‌కైతే బిగుతుగా. పొలంలో దిగాక పొజిషన్ లివర్‌ను రెస్పాన్స్ (లిఫ్ట్ ఎంత వేగంగా స్పందించాలో చెప్పేది) అని రాసి ఉన్న భాగంలో నిలపాలి. లోయర్ గేర్లో కదిలి, డ్రాఫ్ట్ లివర్‌ను మెల్లగా దించుతూ పోవాలి. పది గజాలకోసారి దిగి స్కేలుతో లోతు చూడాలి. కల్టివేటర్‌కు 4, 5 అంగుళాలు, రెక్క నాగలికి 8 అంగుళాలు కుదిరిన చోట క్వాడ్రంట్ (లివర్ జరిగే వంపు పట్టీ) మీది స్టాప్ బిగించాలి. గెట్టు దగ్గర ఎత్తి తిరిగి దించిన ప్రతిసారీ లివర్ ఆ స్టాప్ దగ్గరే ఆగుతుంది.

సరిగ్గా కుదిరిందా లేదా అన్నది వెనక్కి తిరిగి లిఫ్ట్ చేతులను చూస్తే తెలుస్తుంది. నడుస్తున్నంతసేపు అవి ఊపిరి తీసినట్టు కొద్దిగా లేస్తూ దిగుతూ ఉండాలి. కదలకుండా బిగుసుకుపోతే డ్రాఫ్ట్ పనిచేయడం లేదు. ఎగిరెగిరి పడుతుంటే రెస్పాన్స్ మరీ వేగంగా ఉంది, నిదానం వైపు జరపాలి.

డ్రాఫ్ట్‌కు ఒక లోపం ఉంది, అది దాచకూడదు. ఒకే మడిలో సగం రేగడి, సగం ఇసుక గరప ఉంటే లాగుడు భారం సమంగా ఉంచే ప్రయత్నంలో గరపలో లోతుకు, రేగడిలో పైపైకి పోతుంది. అలాంటి పొలంలో రెండు స్టాపులు గుర్తుపెట్టుకుని చేత్తో మార్చుకోవడమే మార్గం. రోటవేటర్, విత్తన గొర్రు, లెవెలింగ్ బ్లేడు, స్ప్రేయర్‌కు డ్రాఫ్ట్ పెట్టకూడదు. డ్రాఫ్ట్ లివర్ పూర్తిగా పైకి ఉంచి పొజిషన్ లివర్‌తోనే నడపాలి. వరి మడిలో దమ్ము కూడా అంతే. బురదలో నేల ఎదురుతన్నదు, స్ప్రింగ్‌కు కబురు అందదు, పనిముట్టు అడుగుకు దిగిపోయి గట్టి పొరను చీల్చేస్తుంది. ఆ పొర పగిలితే నీళ్లు నిలవవు, పాకాల చెరువు కింద ఎన్ని తడులు ఇచ్చినా మడి తాగేస్తుంది.

పనిముట్టు ఎంపికలో ఆశకు పోవద్దు. లిఫ్ట్ సామర్థ్యం 1700 కిలోలు అని కాగితం మీద ఉంటుంది. అది లింకుల చివర కొలిచిన లెక్క. పనిముట్టు బరువు లింకుల కొనల నుంచి వెనక్కి జరిగేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. బండి బరువు 1900 కిలోల లోపే. పొడి రేగడిలో రెండు రెక్కల హైడ్రాలిక్ పల్టీ నాగలి 241కు మించిన పని. ఎత్తగానే ముందు టైర్లు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టదు. ముందు బరువులు వేసినా ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పత్తి కట్టె తీసి లోతు దుక్కి ప్రతి ఏడాదీ చేయించే రైతు, పల్టీ నాగలితో కిరాయి దున్నకం చేసేవాడు 50 హెచ్‌పీ బండి వైపు చూడాలి. పది పన్నెండెకరాల్లో వరి, మక్క, పత్తి కలిపి వేసుకుని, మిగతా రోజులు ట్రాలీ తోలుకునేవాడికి 241 సరైన బండి. ఐదెకరాల లోపు చెల్క రైతుకు 36 హెచ్‌పీ 1035 చాలు, కానీ దాని లిఫ్ట్ 1100 కిలోలే.

లింకుల గుండ్ల దగ్గర ఒక మాట. కింది లింకు పిన్ను 22 మిల్లీమీటర్లది ఒక రకం, 28 మిల్లీమీటర్లది ఇంకో రకం. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వేసి నడిపితే ఆట వస్తుంది. ఆ ఆట డ్రాఫ్ట్ స్ప్రింగ్‌కు తప్పుడు కబురు పంపుతుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరుగుతుంది. పాత స్ప్రింగ్‌ను పరీక్షించడం కూడా సులువే. టాప్ లింక్ విప్పేసి, అది తగిలే కొక్కేన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపి చూడాలి. అసలు ఆడకూడదు. కానీ చేత్తో తిప్పితే తిరగాలి. ముందువెనకల ఆట ఉంటే నట్టు బిగించాలి, లేకపోతే డ్రాఫ్ట్ లివర్ ఉన్నా లేనట్టే.

ఈ బండికి పెద్ద శత్రువు నీళ్లు. ఫెర్గూసన్ పద్ధతిలో హైడ్రాలిక్ పంపు బయట ఉండదు, వెనక హౌసింగ్ లోపల గేర్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది. గేర్లకూ, లిఫ్ట్‌కూ, వెట్ బ్రేకులు (ఆయిల్‌లో మునిగి పనిచేసేవి) ఉన్న బండిలో బ్రేకులకూ ఒకటే ఆయిల్. కేజ్ వీల్స్ (బురద కోసం వేసే ఇనుప చక్రాలు) వేసి వానాకాలం, యాసంగి రెండు కార్లు మోకాలి లోతు బురదలో తిప్పితే ఇరుసు సీళ్ల గుండా, గేర్ లివర్ రబ్బరు తొడుగుల పగుళ్ల గుండా, గాలి రంధ్రం గుండా నీళ్లు లోపలికి చేరతాయి. ఆయిల్ పాల రంగుకు తిరుగుతుంది. ఆపై వాల్వు తుప్పు పట్టి లిఫ్ట్ అదురుతుంది, బ్రేకు ప్లేట్లు కీచుమంటాయి, బేరింగులు పోతాయి. దమ్ము పనులు ముగిసిన వారంలోనే పరీక్ష చేయాలి. బండిని రాత్రంతా చదునుగా నిలిపి, పొద్దున స్టార్ట్ చేయకముందే అడుగు ప్లగ్గును రెండు మూడు చుట్లు వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే కారుతాయి. అర గ్లాసు నీళ్లు కారినా ఆయిల్ మొత్తం మార్చాలి. దానితోపాటు పంపు దగ్గరి జాలీ ఫిల్టర్ కడగాలి, తొడుగులు మార్చాలి. ఆయిల్ ఖర్చు ఎక్కువని నీళ్లు మాత్రం వదిలి మూసేస్తే, తర్వాత పంపు విప్పే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

ఆయిల్ మారిస్తే బ్రాండు కన్నా రకం ముఖ్యం. మాన్యువల్‌లో చెప్పిన వెట్ బ్రేక్, హైడ్రాలిక్ రెండింటికీ పనికొచ్చే ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయాలి. లారీ గేర్ ఆయిల్ 90 పోస్తే చలికాలం పొద్దున లిఫ్ట్ లేవదు, బ్రేకులు జారతాయి.

లిఫ్ట్ రోగాన్ని మెకానిక్ దగ్గరికి పోకముందే సగం గుర్తుపట్టవచ్చు. పొద్దున బాగా లేచి, రెండు గంటల పని తర్వాత ఆయిల్ వేడెక్కాక నిదానిస్తే పంపు అరిగింది, లేదా వాల్వు కారుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఎత్తిన పనిముట్టు తల ఊపినట్టు పైకీ కిందికీ ఆడుతుంటే సిలిండర్ రింగో, రబ్బరు ఓ రింగో కారుతోంది, దిగిన మేర పంపు మళ్లీ ఎత్తుతోంది. ఇంజన్ ఆపిన కొద్ది నిమిషాల్లో పనిముట్టు నేలకు దిగిపోయినా అదే కారణం. లిఫ్ట్ అసలే లేవకుండా, లోపల గరగర చప్పుడు వస్తుంటే ముందు ఆయిల్ మట్టం చూడండి. ట్రాలీ టిప్పింగ్ సిలిండర్ ఆయిల్ మింగేసి మట్టం పడిపోవడం మామూలే.

డ్యుయల్ క్లచ్ బండిలో పెడల్ రెండు దశలు. సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, రోటవేటర్ తిరుగుతుంది. పూర్తిగా తొక్కితే పీటీఓ (రోటవేటర్‌ను తిప్పే వెనక షాఫ్టు), హైడ్రాలిక్ పంపు కూడా ఆగుతాయి. అందుకే క్లచ్ అడుగు దాకా తొక్కి లిఫ్ట్ ఎత్తబోతే లేవదు. అది రోగం కాదు, అమరిక. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉన్నచోట క్లచ్ ప్లేటు ముందే కాలిపోతుంది. పీటీఓ ప్లేటు కాలిందంటే రోటవేటర్ గట్టి చోట ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతుంటుంది.

గేర్లు ముందుకు 8, వెనక్కి 2. స్లైడింగ్ మెష్ బాక్సున్న బండిలో నడుస్తుండగా గేరు మార్చితే పళ్లు కొరుకుతాయి. ట్రాలీతో ఎత్తు దిగేటప్పుడు న్యూట్రల్ చేసి వదిలేస్తే మళ్లీ గేరు పడదు, బ్రేకులు ఒంటరిగా మిగులుతాయి. ట్రాలీని ఎప్పుడూ కింది హుక్కుకే తగిలించాలి. టాప్ లింక్ తగిలే చోట గొలుసు వేసి ఇరుక్కున్న బండిని లాగితే లాగుడు వెనక ఇరుసు పైనుంచి పడి ముందుభాగం లేచిపోతుంది. ఫెర్గూసన్ ఏ ప్రమాదాన్ని ఆపడానికి మూడు లింకులు కనిపెట్టాడో అదే ప్రమాదాన్ని ఆయన బండి మీదే చేతులారా తెచ్చుకున్నట్టు. ట్రాలీ తగిలించాక రెండు బ్రేకు పెడళ్ల కొక్కెం కలిపి పెట్టడం మరిచిపోవద్దు.

ఇంజన్ వైపు చెప్పాల్సింది తక్కువ. రోటరీ డీజిల్ పంపు ఉన్న బండిలో పంపుకు కందెన డీజిలే. డ్రమ్ములో నిల్వ పెట్టిన డీజిల్ అడుగు నీళ్లు ఒక్కసారి లోపలికి పోతే పంపు పట్టేస్తుంది. ట్యాంకు 47 లీటర్లు. రాత్రికి నిండుగా ఉంచితే ఖాళీ జాగాలో తేమ పట్టదు. ట్యాంకు ఎండి గాలి పట్టితే ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపుతో బుడగలు పోయేదాకా కొట్టాలి, ఆపై పంపు మీది స్క్రూ, చివరకు నాజిల్ పైపుల నట్లు. ఈ వరుస తప్పితే గంట కొట్టినా స్టార్ట్ కాదు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉన్న బండిలో రోటవేటర్ దుమ్ము రోజుల్లో గిన్నెలోని ఆయిల్ రోజూ చూడాలి. అడుగున అర అంగుళం మట్టి పేరుకుంటే కడిగి కొత్త ఆయిల్ గీత దాకానే పోయాలి. గీత దాటితే ఇంజన్ దాన్ని పీల్చి పొగ పెడుతుంది.

పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపేటప్పుడు వాల్వు పైకి ఉండేలా తిప్పి నింపితే 75 శాతం దగ్గర ఆగిపోతుంది, అంతే చాలు. దుక్కి నెలల్లో ఉంచి, దమ్ముకు ముందు తీసేయాలి. బురదలో బరువు పెరిగితే బండి దిగబడుతుంది.

కొనేటప్పుడు బిల్లులో చూడాల్సింది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5కు. ధర అడిగినప్పుడు పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, హుక్కు, బంపర్, టాప్ లింక్ విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే అంకె చెబితే రెండు దుకాణాలను పోల్చలేరు. డెలివరీ రోజు 200, 300 కిలోల పనిముట్టు తగిలించి లిఫ్ట్ ఎత్తించండి. ఇంజన్ ఆపి పావుగంట ఆగి, పనిముట్టు కిందికి దిగుతుందేమో చూడండి. పొజిషన్, డ్రాఫ్ట్ రెండు లివర్ల గుర్తులూ డ్రైవర్‌కు చూపించమని అక్కడి మనిషిని అడగండి.

సెకండ్ హ్యాండ్ మాస్సీకి పరీక్ష ఇంకొంచెం గట్టిగా ఉండాలి. రంగు, టైర్లు చివర చూడండి. ముందు అడుగు ప్లగ్గు వదులు చేసి ఆయిల్ రంగు చూడండి. వెనక ఇరుసు చివర్ల తడి చూడండి, కేజ్ వీల్స్ మీద బతికిన బండి అక్కడే బయటపడుతుంది. కింది లింకుల రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. తర్వాత డ్రాఫ్ట్ లివర్‌ను పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా జరపండి. ఏళ్ల తరబడి ఎవరూ తాకని లివర్ తుప్పు పట్టి బిగుసుకుని ఉంటుంది. దాన్ని వదులు చేసి, స్ప్రింగ్ నట్టు సర్ది ఇచ్చాకే బేరం మాట్లాడండి.